చైనా గ్రూప్ టూర్ రివ్యూ: కమీషన్ రాసి చూపిస్తే ఇంకో రెండు స్టార్లు ఇచ్చేవాణ్ణి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏళ్ళుగా మిర్చి అడ్తి నడుపుతున్నాను. మన తేజ రకం మిరపకాయకు చైనాలో పెద్ద గిరాకీ ఉందని యార్డుకొచ్చే ప్రతి రైతుకూ తెలుసు. జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం ధర, తక్కువ పలికిన రోజు "చైనా ఆర్డర్లు లేవట" అని హమాలీలు కూడా చెప్పుకుంటారు. ఇన్నేళ్ళూ పేరు వినడమే తప్ప ఆ దేశం ఎలా ఉంటుందో, మన కాయ తినే మనుషులు ఎలా ఉంటారో చూసింది లేదు. మన దేశానికీ చైనాకూ మధ్య ఆగిపోయిన నేరు విమానాలు ఐదేళ్ళ తర్వాత 2025 అక్టోబర్ చివర్లో మళ్ళీ మొదలయ్యాయని పేపర్లో చదివిన రోజే ఇంట్లో మాట కదిలింది. కొత్త కాయ యార్డుకు రాకముందే వెళ్ళిరావాలని, నవంబర్ మధ్యలో నేనూ మా ఇంటావిడా హనుమకొండలోని ఒక ట్రావెల్స్ వాళ్ళ గ్రూపులో బయల్దేరాం. ఇద్దరికీ విదేశం ఇదే మొదటిసారి.

ట్రావెల్స్ పేరు రాయడం లేదు. నేను అడిగి చూసిన మరో ఇద్దరు ఏజెంట్ల కాగితాల్లో కూడా ఇంచుమించు ఇదే ప్యాకేజీ ఉంది కాబట్టి, ఎవరి దగ్గర బుక్ చేసుకునేవాళ్ళకైనా ఈ రివ్యూ పనికొస్తుంది.

మనిషికి 1,85,000 రూపాయలు తీసుకున్నారు. హైదరాబాద్ నుంచి హాంకాంగ్ మీదుగా బీజింగ్, అక్కడ మూడు రాత్రులు. తర్వాత షియాన్‌లో రెండు, షాంఘైలో మూడు. వీసా, హోటళ్ళు, మూడు పూటల భోజనం, గైడు అన్నీ అందులోనే. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల నుంచి మొత్తం 26 మందిమి.

ముందు మంచి చెప్తాను. వీసా పని మాకు అసలు తెలియకుండానే అయిపోయింది. ఫారం వాళ్ళే నింపారు, పాస్‌పోర్టులు ఢిల్లీకి పంపి తెప్పించారు. బీజింగ్‌లోని రాజుల ప్యాలెస్ సోమవారం మూసి ఉంటుంది. మేము చేరింది ఆదివారం. అది చూసుకుని సోమవారం చైనా గోడకు, మంగళవారం ప్యాలెస్‌కు పెట్టారు. ప్యాలెస్‌కు టికెట్ ముందే ఆన్‌లైన్‌లో పాస్‌పోర్టు నంబర్‌తో తీసుకోవాలి, గేటు దగ్గరికి పోయి కొందామంటే కుదరదు. మా 26 మందిలో ఒక్కరి పేరు కూడా తప్పు పడలేదు. హోటళ్ళు శుభ్రంగా ఉన్నాయి. బీజింగ్, షియాన్‌లలో మాతో తిరిగిన చైనా అమ్మాయిల ఇంగ్లిష్ నాకే అర్థమయ్యేంత నిదానంగా ఉంది. ఒకామె మా ఇంటావిడ మోకాలి నొప్పి చూసి ప్రతిచోటా లిఫ్టు ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టేది. ఆ అమ్మాయికి నా తరఫున ఐదు స్టార్లు.

ఇక అసలు విషయం. సోమవారం పొద్దున ఏడున్నరకు బస్సెక్కించారు. చైనా గోడలో మేము చూడాల్సింది ముతియాన్యు అనే చోటు, బీజింగ్‌కు 70 కిలోమీటర్ల పైచిలుకు. దారిలో బస్సు ఒక పెద్ద భవనం ముందు ఆగింది. జేడ్ అనే పచ్చరాయి నగల ఫ్యాక్టరీ చూపిస్తామన్నారు. ఒక మూల ఇద్దరు మనుషులు రాయి చెక్కుతున్నారు. అది చూడటానికి పది నిమిషాలు చాలు. మిగతాదంతా కౌంటర్లే. ఒక్కొక్క జంట వెనక ఒక్కొక్క సేల్స్ అమ్మాయి. బయటికి వచ్చే దారి కూడా కౌంటర్ల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వస్తుంది. తిరుగు ప్రయాణంలో భోజనం కూడా అదే భవనం పై అంతస్తులో. నేను వాచీ చూసి చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను: పొద్దున గంటా నలభై నిమిషాలు, భోజనం పేరుతో మళ్ళీ గంట. గోడ మీద మాకు ఇచ్చింది గంటా పది నిమిషాలు.

ఆ గంటా పది నిమిషాలు మాత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. కేబుల్ కారు 14వ బురుజు దగ్గర దింపుతుంది. అక్కణ్ణుంచి రెండు వైపులా గోడ కొండల వీపు మీద ఎక్కుతూ దిగుతూ కనుచూపు ఆగేదాకా పోతుంది. చెట్ల ఆకులు రాలిపోయి కొండలు బోడిగా ఉండటంతో గోడ గీత గీసినట్టు కనిపించింది. మెట్లు ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకొకటి మోకాలెత్తు. మా ఇంటావిడ బురుజు కిటికీలో కూర్చుని ఇటుక మీద చెయ్యి పెట్టి "గింత ఎత్తుకు గీ ఇటుకలెట్ల మోసిన్రో పాపం" అంది. నేను ఇంకో రెండు బురుజులు పోయి వద్దామని లేచేసరికి కింద బస్సు దగ్గరికి రమ్మని టూర్ మేనేజర్ ఫోన్.

తర్వాత ఇలాంటి ఆగుళ్ళు ఇంకో మూడు వచ్చాయి. టీ దుకాణం, ముత్యాలు, షాంఘైలో పట్టు బొంతలు. నాలుగూ కలిపితే నా నోట్‌బుక్ లెక్కలో ఆరున్నర గంటలు.

కొనమని ఎవరూ బలవంతం చేయలేదు, అది నిజం. నా బాధ వేరు. ఇలాంటి షాపులకు మనల్ని తెచ్చినవాళ్ళకు కమీషన్ ఉంటుంది. నేను కూడా కమీషన్ మీద బతికేవాణ్ణే. కమీషన్ తప్పు కాదు. రైతు కాయ అమ్మితే మేమిచ్చే తక్‌పట్టీ మీద తూకం, రేటు, కోతలు అన్నీ రాసి ఇస్తాం. చదువు రాని రైతైనా పక్కవాడితో చదివించుకుని చూస్తాడు. మాకిచ్చిన టూర్ కాగితంలో మాత్రం "బీజింగ్ సిటీ అనుభవం" అని రాసి ఉంది, పచ్చరాయి దుకాణం అని లేదు. మేనేజర్‌ను అడిగితే, "సార్, ఆ షాపులు ఉంటేనే ఈ రేటుకు టూర్ వస్తుంది" అన్నాడు. అదే మాట హనుమకొండలో చెప్పి ఉంటే నేను ఇంకో పదివేలు ఎక్కువ కట్టేవాణ్ణి. మా మంచిర్యాల జంటలో పెద్దాయనకు 70 ఏళ్ళు. గోడను మళ్ళీ చూడటానికి ఆయన ఎప్పుడొస్తాడు?

బీజింగ్ నుంచి షియాన్‌కు రైలు. ఈ ప్యాకేజీలో పైసా వసూల్ అంటే ఇదే. దాదాపు 1,200 కిలోమీటర్లు ఐదు గంటల లోపే. కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ చేరేసరికి ఒక పగలు, ఒక రాత్రి గడుస్తుంది కదా, ఆ అలవాటుతో దుప్పట్లు పైనే ఉంచుకున్నాం. కిటికీ దగ్గర స్టీలు గ్లాసులో నీళ్ళు పెడితే తొణకలేదు. టికెట్ అంటే పాస్‌పోర్టే, గేటు దగ్గర అదే చూపించాలి. స్టేషన్‌లోకి పోయేటప్పుడు విమానాశ్రయంలో లాగే సామాను చెకింగ్ ఉంటుంది, కనీసం గంట ముందు చేరండి.

రైల్లో ప్రతి బోగీ చివర మరిగే నీళ్ళ కుళాయి ఉంటుంది. స్టేషన్లలోనూ ఉంటుంది. చైనా వాళ్ళు చిన్నా పెద్దా అందరూ ఫ్లాస్కు పట్టుకుని తిరుగుతారు, చల్లనీళ్ళు తాగేవాళ్ళు తక్కువ. మా ఇంటావిడ ఇంట్లో కూడా వేణ్ణీళ్ళే తాగుతుంది, ఆమెకు ఈ దేశం అక్కడే నచ్చేసింది. వేడినీళ్ళు పోస్తే అయిపోయే ఉప్మా ప్యాకెట్లు తెచ్చుకున్నాం. అందులో ఆ నీళ్ళు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలాగి, మామిడికాయ తొక్కుతో తిన్నాం. పక్క సీటు పిల్లవాడికి సకినం ఇస్తే వాళ్ళమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో తీసుకుని, అప్పుడు తిననిచ్చింది.

షియాన్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మమ్మల్ని మా మానాన వదిలేసిన ఒకే ఒక్క సగం రోజు అక్కడే దొరికింది.

గురువారం పొద్దున మట్టి సైనికులను చూపించారు. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బయటపడిన సైన్యం అది. చైనాను మొదట ఒక్కటి చేసిన చక్రవర్తి సమాధికి కాపలాగా రెండు వేల రెండు వందల ఏళ్ళ కింద పాతిపెట్టారు. మొత్తం 8,000 దాకా ఉంటారని అంచనా. పెద్ద గుంత దగ్గర అందరూ ఫొటోల కోసం తోసుకుంటారు. మీరు మాత్రం అద్దాల పెట్టెలో విడిగా పెట్టిన విలుకాడి దగ్గరికి పోండి. మోకాలు నేల మీద ఆనించి కూర్చుని ఉంటాడు. వెనక్కి పోయి అతని చెప్పు అడుగు చూడండి. కుట్లు కనిపిస్తాయి. వేళ్ళ కింద, మడమ కింద ఒత్తుగా, నడుమ పలచగా. జారకుండా ఉండటానికి నిజం చెప్పుకు ఎలా కుడతారో మట్టిలో అలాగే చేశాడు. ఎవరూ చూడని చోట, మట్టిలో కప్పెట్టేదానికి అంత పనితనం. నేను అక్కడే పావుగంట నిలబడ్డాను.

మధ్యాహ్నం ఫ్రీ టైమ్ అన్నారు. గ్రూపులో సగం మంది హోటల్లో పడుకున్నారు. మేమిద్దరం ఊరి చుట్టూ ఉన్న కోటగోడ ఎక్కాం. మింగ్ రాజుల కాలంది, 12 మీటర్ల ఎత్తు, చుట్టుకొలత 14 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. పైన సైకిళ్ళు అద్దెకిస్తారు. నేను దక్షిణ ద్వారం నుంచి తూర్పు ద్వారం దాకా తొక్కి వెనక్కి వచ్చాను. చేరోవైపు కొత్త ఊరూ పాత ఊరూ. తొక్కుతున్నంతసేపూ ఖిలా వరంగల్ మట్టికోటే కళ్ళముందు. మనకు కూడా గోడ ఉంది, అగడ్త ఉంది, లోపల ఊరుంది. మన కోట మీద కూడా ఇలా పొద్దున్నే పిల్లలు సైకిళ్ళు తొక్కే రోజు నేను చూడాలి.

సాయంత్రం గోడ దిగి, జనం ఎక్కువ ఉన్న ఒక చిన్న హోటల్లోకి పోయాం. ఆరు కూడా కాలేదు, అక్కడ అది రాత్రి భోజనం వేళ. ఒక అబ్బాయి పిండి ముద్దను రెండు చేతులతో సాగదీసి బల్ల మీద కొడుతున్నాడు. ఆ చప్పుడుకే దాని పేరు బియాంగ్ బియాంగ్ అంటారు. నడుముకు కట్టుకునే బెల్టంత వెడల్పు నూడుల్స్. ఉడికించి గిన్నెలో వేసి, పైన ఆకుకూర, వెల్లుల్లి, దాని మీద రెండు చెంచాల ఎర్రటి కారం కుప్పగా పోశాడు. గరిటెతో పొగలు కక్కే నూనె తెచ్చి సరిగ్గా ఆ కారం మీద పోశాడు. చుయ్‌మని పొంగింది. ఘాటు వాసన మా బల్ల దాకా వచ్చింది. మా ఇంటావిడ నా చెయ్యి పట్టుకుని "ఇగో, మన పోపు లెక్కనే ఉన్నది కదా!" అంది. నాలుగు రోజుల తర్వాత ఆమె ముఖంలో ఇంటి కళ వచ్చింది.

నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడి చైనా భాషలోకి మార్చి చూపించాను: నేను ఇండియాలో మిర్చి వ్యాపారిని అని. కౌంటర్ దగ్గరున్న ఆమె చదివి గట్టిగా నవ్వి, లోపలికి పోయి కారం డబ్బానే తెచ్చి నా అరచేతిలో చిటికెడు పోసింది. గింజలతో కలిపి దంచిన కారం. వేయించిన వాసన. రంగు మంచి ఎరుపు. నాలుక మీద వేసుకుంటే మన తేజ ముందు చాలా మెత్తన. ఆ ప్రాంతంలో నూనె పోసిన కారాన్ని పక్కన నంజుకునేదిగా కాదు, ఒక కూరగానే లెక్కేస్తారట, దాని మీద సామెత కూడా ఉందని తర్వాత గైడు అమ్మాయి చెప్పింది. రెండు గిన్నెల నూడుల్స్‌కు మొత్తం 40 యువాన్లు. మేము పోయినప్పుడు యువాన్ అంటే సుమారు పన్నెండున్నర రూపాయలు. ఈ ప్రయాణం మొత్తంలో మేము తిన్న మంచి భోజనం అదే. అది ప్యాకేజీలో లేదు.

ప్యాకేజీలో ఉన్నది రోజుకు రెండు పూటలా ఇండియన్ రెస్టారెంట్. ఎక్కడికి పోయినా అదే పసుపు పచ్చని పనీర్, అదే పల్చటి పప్పు, ఆరిన రోటీ. దాని కోసం ఊరికి ఆ చివరికి నలభై నిమిషాలు బస్సులో. మొదటి రెండు రోజులు ధైర్యంగా ఉంటుంది, తర్వాత విసుగొస్తుంది. తిండి మీద భయమున్నవాళ్ళకు ఒక మాట. శాకాహారం దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. ఆకుకూరలో కూడా మాంసం ముక్కలు వేస్తారు. "వో చీ సూ" అంటే నేను శాకాహారిని అని. నా నోట్లో ఆ మాట పలికితే ఎవరికీ అర్థం కాలేదు, చైనా అక్షరాల్లో కాగితం మీద రాయించుకుని చూపిస్తే వెంటనే తలూపారు. శనివారం మా ఇంటావిడకు ఒక్కపొద్దు. ఆ రోజు షాంఘైలో అగ్గిపుల్లల్లా సన్నగా తరిగిన ఆలుగడ్డ వేపుడు దొరికింది. ఎండుమిర్చి, వెనిగర్ వేసి కరకరలాడేలా చేస్తారు. అన్నంలో కలుపుకుని, తొక్కు పక్కన పెట్టుకుని తృప్తిగా తింది. టమాటాతో కోడిగుడ్డు వేపుడు కూడా దాదాపు ప్రతి హోటల్లో ఉంటుంది, గుడ్డు తినేవాళ్ళకు దిగులే లేదు. ఇంటి నుంచి తొక్కులు, సకినాలు తీసుకుపోవచ్చు కానీ పాల పదార్థాలు, పండ్లు, మాంసం, విత్తనాలు పెట్టుకోకండి, కస్టమ్స్‌లో ఒప్పుకోరు.

షాంఘై గురించి చాలామంది రాశారు. నది ఒడ్డున రాత్రి దీపాలు, 632 మీటర్ల టవర్, అన్నీ బాగున్నాయి. నాకు షియాన్ చాలు.

ఏజెంట్ చెప్పకుండా వదిలేసినవి, మీరు మర్చిపోకూడనివి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం ఫోన్. అక్కడ కూరగాయల బండి దగ్గర కూడా స్కాన్ చేసి కట్టడమే. మా అబ్బాయి బయల్దేరడానికి వారం ముందే నా ఫోన్‌లో అలీపే అనే చైనా పేమెంట్ యాప్ పెట్టి, పాస్‌పోర్టుతో వెరిఫై చేసి, ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన కార్డు కలిపి ఇచ్చాడు. "బాపు, ఇది లేకపోతే అక్కడ చాయ్ కూడా దొరకది" అన్నాడు. అది నిజమే అయింది. షియాన్‌లో చలికి వణుకుతూ ఒక ముసలాయన దగ్గర కాల్చిన కందగడ్డ కొన్నాను, శివరాత్రికి మనం ఉడకబెట్టుకునే గడ్డే. ఆయన మెడలో కూడా స్కానర్ బొమ్మ వేలాడుతోంది. 200 యువాన్ల లోపు కడితే అదనపు ఛార్జీ లేదు, దాటితే మూడు శాతం పడుతుంది, కాబట్టి పెద్ద బిల్లులు చూసి కట్టండి. గ్రూపులో ఇది చేసుకోనివాళ్ళు పన్నెండు మంది. తొమ్మిది రోజులూ ప్రతిదానికీ మేనేజర్ వెంట తిరిగారు. నోట్లు చెల్లుతాయి, కానీ చిన్న దుకాణాల్లో చిల్లర ఉండదు.

గూగుల్, వాట్సాప్ హోటల్ వైఫైలో రావు. మన సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేసుకుంటే వస్తాయి. మేము వేసుకున్నాం, మనవరాలితో రోజూ వీడియో కాల్ మాట్లాడాం. అక్కడి టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, పాప నిద్రపోయే వేళ చూసుకుని చేయాలి.

పవర్ బ్యాంక్ సంగతి మాత్రం నాకు కోపం తెప్పించింది. 2025 జూన్ చివరి నుంచి చైనా లోపల తిరిగే విమానాల్లో, 3సీ అనే గుర్తు లేని పవర్ బ్యాంకులు తీసుకుపోనివ్వరు. షియాన్ నుంచి షాంఘై విమానం ఎక్కేటప్పుడు మా గ్రూపులో తొమ్మిది మందివి అక్కడే ఉంచేసుకున్నారు, నాది కూడా. రూల్ వాళ్ళది, అందులో తప్పు లేదు. అప్పటికి ఐదు నెలల కిందే వచ్చిన రూల్‌ను డబ్బు తీసుకున్న ట్రావెల్స్ వాళ్ళు ఒక్క మెసేజ్‌లో చెప్పలేకపోయారా?

బాత్రూమ్‌ల గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను, ఆడవాళ్ళకు అదే పెద్ద టెన్షన్. హోటల్ గదుల్లో కూడా చేతి ఫాసెట్ లేదు. బయట చాలాచోట్ల కింద కూర్చునే రకమే, కాగితం కూడా మనమే పట్టుకుపోవాలి. ఒక చిన్న ప్లాస్టిక్ మగ్గు, టిష్యూ ప్యాకెట్లు బ్యాగులో పెట్టుకోండి. చలి కూడా తక్కువ అంచనా వేయకండి. నవంబర్‌లో బీజింగ్ తెల్లవారుజామున సున్నాకు దగ్గర. వరంగల్‌లో స్వెట్టర్ సరిపోతుంది, అక్కడ సరిపోదు, మా ఇంటావిడ రెండు చీరల మీద నా జర్కిన్ వేసుకుని తిరిగింది. అక్టోబర్ మొదటి వారంలో వాళ్ళ జాతీయ పండుగ సెలవులు, దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది, ఆ వారం జోలికి పోకండి.

మొత్తం మీద ఐదుకు మూడు. వీసా, రైలు, హోటళ్ళు, గైడు అమ్మాయిలకు ఆ మూడు. షాపులకు ఒకటి, చెప్పకుండా దాచినందుకు ఇంకొకటి తీసేశాను.

తిరిగొచ్చాక ట్రావెల్స్ ఆఫీసుకు పోయి నా నోట్‌బుక్ బల్ల మీద పెట్టాను. ఆరున్నర గంటల లెక్క చూసి ట్రావెల్స్ ఆయన కాదనలేదు. వచ్చే నవంబర్‌లో చెంగ్డు వైపు పోవాలని మాకు ఉంది, అక్కడ మిర్చి, నూనెలో ఉడికే హాట్‌పాట్ ఊరి తిండి, మన కాయకు అసలు గిరాకీ అలాంటి చోటే. షాపులు లేకుండా, రోజుకో పూట భోజనం మాకే వదిలేసి, గోడ లాంటి చోట సగం రోజు ఇస్తే ఎంతవుతుందని అడిగాను. మనిషికి ఇంకో 18,000 అన్నాడు. ఎక్కడెక్కడ ఎన్ని గంటలు ఆగుతామో వరుసగా రాసి, సంతకం పెట్టి ఇవ్వమన్నాను. "అట్ల ఎవరూ అడగరు సేటు" అన్నాడు. "మా దగ్గర ప్రతి రైతు అడుగుతడు" అన్నాను. రెండు రోజుల్లో ఇస్తానన్నాడు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.